నాచు సార్ క్లాసు హౌస్‌ఫుల్

ఆ రోజుకి నాచు సార్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి స్నానం, ఎనిమిదిన్నరకి ఇస్త్రీ చొక్కా, తొమ్మిదిన్నరకి కాలేజీ, పదకొండింటికి రెండొందల నాలుగో గదిలో పాఠం. ఇందులో ఎక్కడా సినిమా హీరో లేడు.

ఆయన వృక్షశాస్త్రం లెక్చరరు. ఇరవై రెండేళ్ళుగా నాచు మొక్కల గురించే పాఠం చెబుతుండటం వల్ల ఆయన అసలు పేరు సర్వీసు పుస్తకంలో తప్ప ఎక్కడా మిగల్లేదు. వంటింటి బల్ల దగ్గర ఆయన భార్య టీ తాగుతూ ఫోన్లో వార్తలు చదువుతోంది. ప్రపంచంలో ఏం జరుగుతోందో ఆవిడకి పట్టదు. ప్రపంచంలో జరగకూడనిది ఏదైనా జరిగితే మాత్రం చదివి వినిపించకుండా ఊరుకోదు.

"ఏమండీ, ఇది విన్నారా. ఎక్కడో కాలేజీలో ఒక కుక్కకి పట్టా ఇచ్చారట. నల్ల టోపీ కూడా పెట్టారు. నాలుగేళ్ళు ఒక్క క్లాసు మానకుండా వెనక బెంచీ కింద పడుకుందట."

"మంచిదే కదా."

"మంచిదే. ఆ కుక్కకున్న అటెండెన్సు మీ క్లాసులో ఒక్కడికైనా ఉందా అని."

"రిజిస్టరు ప్రకారం ముప్ఫై రెండు మందికీ ఉంది."

"రిజిస్టరు ప్రకారం," అని ఆవిడ ఆ మాటల్ని బిస్కెట్టులా టీలో ముంచి తీసింది.

నాచు సార్ హాజరు తీసుకునే పద్ధతి ఒకటుంది. రిజిస్టరు తెరిచాక చివరి నెంబరు దాకా తల ఎత్తరు. ఎత్తితే గదిలో ఎంతమంది ఉన్నారో తెలిసిపోతుంది. తెలిశాక ఏదో ఒకటి చెయ్యాలి. ఆయన ఏదో ఒకటి చేసే మనిషి కాదు. అందుకని నెంబరు పిలుస్తారు, "ప్రెజెంట్ సార్" అని వినపడుతుంది, టిక్కు పెడతారు. ఆ తర్వాత నల్లబల్లకి పాఠం చెప్పి వచ్చేస్తారు. ముప్ఫై రెండు గొంతులూ ఆయనకి బాగా పరిచయం. ముఖాలతోనే పరిచయం లేదు.

ఆ ముప్ఫై రెండు గొంతులూ ఒకే గొంతులోంచి వస్తున్నాయన్న సంగతి ఆయనకి తప్ప కాలేజీలో అందరికీ తెలుసు. మూడో బెంచీలో కూర్చునే ఒక అమ్మాయి మగ, ఆడ, జలుబు చేసిన, నిద్రమత్తులో ఉన్న రకరకాల గొంతులతో తరగతి మొత్తానికీ హాజరు పలుకుతుంది. ఆ అమ్మాయిని అందరూ డబ్బింగ్ అని పిలుస్తారు.

ఇవాళ మాత్రం గొంతులు సరిపోవు. యూనివర్సిటీ నుంచి పరిశీలక సభ్యులొకరు వస్తున్నారు. వినేవాళ్ళు లేని పేపర్లని ఎత్తేస్తున్నారు. నాచు తరగతిలో ఇరవై మంది కంటే తక్కువ కనిపిస్తే వచ్చే ఏడాది నుంచి ఆ పేపరు ఉండదు. పేపరు లేకపోతే సార్‌ని ఐడీ కార్డుల గదికి పంపుతారు. పిల్లల ఫొటోలు కత్తిరించి ప్లాస్టిక్ తొడుగుల్లో దూర్చడం అక్కడి పని. ఈ మాట చెప్పిన ప్రిన్సిపాల్ ఆయనకి స్వయానా తోడల్లుడు, భార్య అక్కగారి భర్త. ఇంట్లో అన్నయ్యగారు, కాలేజీలో సార్.

"మిమ్మల్ని ఆ కార్డుల గదిలో వేశారనుకోండి, మా అక్క ఫోన్ చేసి ఓదారుస్తుంది," అంది భార్య. "నేను ఏదైనా భరిస్తాను గానీ మా అక్క ఓదార్పు భరించలేను. ఇవాళైనా కాస్త తలెత్తి చూడండి. ఎదురుగా ఎవరున్నారో."

"చూస్తాను."

"నీలం చొక్కా వేసుకోండి. ఇస్త్రీ చేసి పెట్టాను. జేబు దగ్గర చిన్న మరక ఉంది, పెన్ను అడ్డం పెట్టండి."

సార్ నీలం చొక్కా వేసుకుని, ముఖానికి పౌడరు రాసుకుని, పుస్తకాల అలమరలోంచి ఒక అగ్గిపెట్టె తీసి జేబులో పెట్టుకున్నారు. అందులో రెండేళ్ళ కిందట కాలేజీ ప్రహరీగోడ మీద గీకి తెచ్చిన నాచు ఉంది. ఎండి, ముడుచుకుని, చీపురుకి తగిలితే చెత్తలోకి పోయేలా ఉంది. నీళ్ళు చల్లితే నిమిషంలో విచ్చుకుని పచ్చబడుతుంది. నల్లబల్లకి చేసి చూపించే విద్య కాదని ఆయన దాన్ని దాచి ఉంచారు. ఇవాళ నిండు తరగతిలో చేస్తారు.

నిండు తరగతి కోసం ముందురోజు సాయంత్రం ఒక నోటీసు కూడా రాశారు. "రేపు పదకొండు గంటలకు 204లో నాచు మీద ప్రత్యేక పాఠం. అందరూ తప్పక రావలెను." నోటీసు బోర్డు మీద ఖాళీ లేకపోతే, అంతగా ముఖ్యం కాదనిపించిన ఒక కాగితం పీకేసి ఆ చోట దీన్ని గుచ్చి వచ్చారు. కింద పడిపోయిన ఆ కాగితం మీద ప్రిన్సిపాల్ సంతకంతో ఇలా ఉంది: "రేపు 204వ గది సినిమా షూటింగునకు ఇవ్వబడినది. ఆ తరగతులు 104లో జరుగును." ఆ కాలేజీలో నోటీసు బోర్డు వంక ఎవరూ చూడరు. చూసిన ఒక్క మనిషీ ఆ పని చేసి వెళ్ళాడు.

కాలేజీ గేటు దగ్గరికి వచ్చేసరికి సార్ కాళ్ళు ఆగిపోయాయి. గేటు నిండా పిల్లలు. గోడల మీద పిల్లలు. సైకిల్ స్టాండు రేకు మీద కూడా పిల్లలు. అందరూ ఫోన్లు పైకెత్తి పట్టుకుని ఉన్నారు. ఇరవై రెండేళ్ళలో ఇంతమంది చదువుకోవడానికి రావడం ఆయన చూడలేదు. నోటీసు పనిచేసిందనుకున్నారు.

"పదకొండింటికి గుర్తుందిగా బాబూ?" అని గోడ మీద కూర్చున్న ఒకణ్ణి అడిగారు.

"గుర్తుండకపోవడమేంటి సార్. పొద్దున్న ఆరింటి నుంచి ఇక్కడే ఉన్నాం. టిఫిను కూడా చెయ్యలేదు."

"టిఫిను చెయ్యాలి నాన్నా. నేనెక్కడికీ పోను కదా," అన్నారు సార్.

ఆయన వెళ్ళాక వాడు పక్కవాణ్ణి అడిగాడు. "ఎవర్రా ఆయన? హీరోకి తెలిసినవాళ్ళా?"

"ఏమో. క్యాంటీన్ ఆయన అనుకుంటా."

వాళ్ళిద్దరూ నాచు తరగతిలో తొమ్మిది, పద్నాలుగు నెంబర్లు.

అదే సమయానికి పోర్టికోలో ప్రిన్సిపాల్ పూలగుత్తి పట్టుకుని పరిశీలక సభ్యుల కోసం ఎదురుచూస్తున్నారు. ఉత్తరంలో "ఒక సభ్యులు వచ్చెదరు" అని తప్ప పేరు లేదు. ఆయన చూస్తుండగా కారొకటి ఆగింది. నెరిసిన జుట్టు, బంగారు రంగు కళ్ళద్దాలు, గోధుమరంగు కోటు, చేతిలో లావుపాటి పుస్తకం ఉన్న ఒక పెద్దమనిషి దిగాడు. ప్రిన్సిపాల్ పూలగుత్తి ఆయన చేతిలో పెట్టి, ముందు ప్రయోగశాలలు చూద్దాం రండి అంటూ తీసుకుపోయారు.

ఆ పెద్దమనిషి లెక్చరరు వేషం వెయ్యడానికి వచ్చిన నటుడు. పాతికేళ్ళుగా సినిమాల్లో జడ్జీలు, డాక్టర్లు, లెక్చరర్లు వేస్తున్నాడు. ఏ సినిమాలోనూ ఆయనకి ఒకటిన్నర వాక్యం మించి ఉండదు. షూటింగుకి వెళ్తే టీ కూడా రెండుసార్లు అడగాల్సి వస్తుంది. అలాంటిది పూలిచ్చి, మనిషిని వెంటబెట్టి కాలేజీ అంతా చూపిస్తుంటే, ఈ నిర్మాత ఎవరోగానీ చల్లగా ఉండాలనుకున్నాడు. ప్రిన్సిపాల్ ఏది చూపించినా జడ్జీ వేషంలో అలవాటైన డైలాగే వాడాడు.

"చూద్దాం. పరిశీలిద్దాం."

ప్రిన్సిపాల్ హడావుడిగా ఇంకో ప్రయోగశాల తలుపు తీయించారు.

పైన రెండొందల నాలుగో గదిలో అడుగుపెట్టిన నాచు సార్, మాట ఇచ్చారు కాబట్టి, తలెత్తి చూశారు. అరవై మంది. అరవై మందీ నిటారుగా కూర్చుని ఉన్నారు. అందరి ముందూ కొత్త నోటు పుస్తకాలు, అందరి చేతిలో పెన్నులు. ఒక్కడు కూడా ఫోన్ చూడటం లేదు. వాళ్ళు జూనియర్ ఆర్టిస్టులనీ, సినిమాలో జనంగా కనిపించడమే వాళ్ళ వృత్తి అనీ గుర్తుపట్టాలంటే, ముందు తన విద్యార్థులు ఎలా ఉంటారో తెలిసి ఉండాలి. ఆ సౌకర్యం ఆయనకి లేదు.

కిటికీల బయట పెద్ద లైట్లున్నాయి. గది మూలన కెమెరా ఉంది. పరిశీలన మొత్తం వీడియో తీస్తామని యూనివర్సిటీ ఉత్తరంలో రాసిందే కాబట్టి ఆయన ఆశ్చర్యపోలేదు. కరెంటు ఖర్చుకి వెనకాడలేదని మెచ్చుకున్నారు కూడా.

మెడలో ఈల, చేతిలో అట్ట, కళ్ళకింద నల్లటి చారలున్న ఒక కుర్ర అసిస్టెంట్ డైరెక్టర్ పరుగున వచ్చాడు. లెక్చరరు వేషానికి ఎవరు వస్తారో అతనికి తెలీదు. ఎవరో ఒకరు వచ్చారు, అది చాలు.

"సార్, ఇప్పుడా రావడం? అందరం మీ కోసమే కూర్చున్నాం."

ఈ మాట తనతో ఎవరైనా అంటారని సార్ కలలో కూడా అనుకోలేదు. "పదకొండు కాలేదు కదా బాబూ."

"సరే సరే. మేకప్పు?"

"ఇంటి దగ్గరే పౌడరు రాసుకొచ్చాను."

"డైలాగ్ పేపరు అందిందా?"

"నా దగ్గర ముప్ఫై పేజీల నోట్సు ఉంది."

అసిస్టెంటు ఆయన వంక జాలిగా చూశాడు. పెద్ద వయసు నటులు చాలామంది ఇలాగే సొంత డైలాగులు రాసుకొస్తారు. "మొదటి రెండు లైన్లు చాలు సార్. ఏదో ఒక పాఠం. మేం చెయ్యూపగానే మొదలుపెట్టండి. మధ్యలో ఎవరొచ్చినా ఆపకండి. ఒకడు ఆలస్యంగా వస్తాడు, వాణ్ణి గెటౌట్ అనాలి. గట్టిగా."

"వచ్చినవాణ్ణా?" సార్ నొచ్చుకున్నారు. "ఇరవై రెండేళ్ళ సర్వీసు బాబూ నాది. ఇంతవరకు ఎవర్నీ అనలేదు."

అసిస్టెంటుకి వాదించే తీరిక లేదు. దర్శకుడు బయట వరండాలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని తెర ముందు కూర్చున్నాడు. ఆయనకి సహజత్వం పిచ్చి. క్లాప్ కొడితే, యాక్షన్ అని అరిస్తే నటులు నటించడం మొదలుపెడతారని ఆయన బాధ. అందుకని ఆయన సినిమాల్లో అవేవీ ఉండవు. చెయ్యి ఊపుతారు, అంతే.

సరిగ్గా అప్పుడే పరిశీలక సభ్యురాలు వచ్చింది. అరవై దగ్గర పడిన ప్రొఫెసరమ్మ. గేటు దగ్గర జనాన్ని చూసి పక్క దారిన లోపలికొచ్చి, చేతిలోని టైంటేబుల్ చూసుకుంటూ నేరుగా 204 వెనక తలుపు దగ్గర తేలింది. షూటింగులో యాభై దాటిన ఆడవాళ్ళెవరు కనిపించినా నిర్మాతగారి పెద్దమ్మ అనుకోవడం అసిస్టెంటు అలవాటు. ఇంతవరకు నష్టపోలేదు.

"రండమ్మా, కూర్చోండి. ఏయ్, అమ్మకి మెత్త కుర్చీ వెయ్యండి. టీ ఇవ్వండి."

"నాకు వెనక బెంచీ చాలు బాబూ. మొహం తుడుచుకోవడానికి ఏదైనా ఉందా?"

క్షణంలో మేకప్‌మ్యాన్ వచ్చి ఆవిడ నుదురు దూదితో అద్ది, పౌడరు పులిమి, చేతిలో అద్దం పెట్టాడు. ముప్ఫై ఏళ్ళుగా కాలేజీలు తనిఖీ చేస్తున్న ఆవిడకి ఇంత మర్యాద ఎక్కడా జరగలేదు. ఆవిడ వెనక బెంచీలో సర్దుకుని, తలలు లెక్కపెట్టి, ఫారం తీసింది.

అసిస్టెంటు చెయ్యి ఊపాడు. నాచు సార్ రిజిస్టరు తెరిచి తల దించారు.

"ఒకటి."

జూనియర్ ఆర్టిస్టులకి పలకమని ఎవరూ చెప్పలేదు. అసిస్టెంటు కెమెరా వెనక నుంచి నోరు కదిపి సైగ చేశాడు.

"ప్రెజెంట్ సార్," అన్నారు అరవై మందీ.

సార్ టిక్కు పెట్టారు. "రెండు."

"ప్రెజెంట్ సార్."

ఒకటో నెంబరు గొంతూ రెండో నెంబరు గొంతూ ఒకేలా ఉండటం, రెండూ ఊరేగింపులా ఉండటం ఆయన గమనించకపోలేదు. పరిశీలన కదా, పిల్లలు ఉత్సాహంగా ఉన్నారనుకున్నారు. ముప్ఫై రెండు దాకా అలాగే సాగింది. బయట దర్శకుడు తెర మీదికి వంగాడు. "ఎవర్రా ఈయన? తల ఎత్తట్లేదు. అద్భుతం. ఎవరూ కదలకండి."

సార్ రిజిస్టరు మూశారు. తలెత్తారు. అరవై జతల కళ్ళు. నల్లబల్ల వైపు తిరగాలనిపించలేదు.

"నాచు," అన్నారు. "దీనికి వేళ్ళుండవు. పూలుండవు. కాయలు కాయదు. గోడ మీద కనిపిస్తే మనం గీకి పారేస్తాం. అయినా నలభై కోట్ల ఏళ్ళుగా ఉంది. మనకి ముందు అదే ఉంది. ఎవరూ పట్టించుకోకపోయినా ఎలా బతకాలో దీని దగ్గర..."

తలుపు ధడాలున తెరుచుకుంది. నల్లకళ్ళద్దాలు పెట్టుకున్న హీరో గుమ్మంలో నిలబడ్డాడు. గాలికి జుట్టు ఎగిరింది. గాలి కోసం వరండాలో ఫ్యాను పెట్టారు. అందరూ సార్ వంక చూశారు.

"రా నాన్నా," అన్నారు సార్. "ఆలస్యమైతే ఏం, వచ్చావు, అదే పదివేలు. బస్సు దొరకలేదా?"

హీరో ఒక్క క్షణం తడబడ్డాడు. వారం రోజులు అద్దం ముందు సాధన చేసిన డైలాగు ఉంది. వదులుకోలేకపోయాడు. "గెటౌట్ అంటే వెళ్ళిపోయే టైపు కాదు సార్ నేను."

"నేను అనలేదు కదమ్మా. కూర్చో. రోల్ నెంబరు?"

హీరో కెమెరా వంక చూశాడు. కెమెరా ఆగలేదు. "తెలీదు సార్."

"పర్లేదు. చాలామందికి తెలీదు. ఆ అద్దాలు తీస్తే నాచు ఇంకా పచ్చగా కనిపిస్తుంది. కాస్త జరిగి చోటివ్వండమ్మా."

మొదటి బెంచీలో ఒక జూనియర్ ఆర్టిస్టు జరిగాడు. నున్నగా గీసిన గడ్డం, పొట్ట మీద బిగుతైన టీషర్టు. హీరో అద్దాలు తీసి, చొక్కా జేబులో పెట్టుకుని, అతని పక్కన ఇరుక్కుని కూర్చున్నాడు. సినిమాల్లోకి వచ్చాక అతన్ని జరిగి కూర్చోమన్నవాళ్ళు లేరు.

సార్ అగ్గిపెట్టె తీశారు. ఎండిన నాచు ముద్దని తెల్ల కాగితం మీద పెట్టి నీళ్ళ కోసం చుట్టూ చూశారు. హీరో ముఖం మీద చెమట చుక్కలు చల్లే చిన్న స్ప్రే సీసా మేకప్‌మ్యాన్ చేతిలో ఉంది. "ఇలా ఇవ్వు బాబూ," అని తీసుకుని మూడుసార్లు నొక్కారు.

మొదట ఏమీ జరగలేదు. తర్వాత ముద్దలో ఒక పోగు కదిలింది. తర్వాత ఇంకొకటి. గోధుమరంగు ఆకులు ఒక్కొక్కటే మెలిక విప్పుకుని, చిన్న నక్షత్రాల్లా పరుచుకుని, చూస్తుండగానే పచ్చబడ్డాయి. వెనక బెంచీల వాళ్ళు లేచి నిలబడ్డారు. కెమెరామన్ కెమెరాని హీరో మీంచి తీసి నాచు మీద పెట్టాడు. హీరో కాంట్రాక్టులో దీనికి వీల్లేదు గానీ, అప్పటికి హీరో కూడా బల్ల మీదికి వంగి చూస్తున్నాడు.

"చచ్చిపోయిందనుకున్నాం కదా సార్," అన్నాడు హీరో. ఇది స్క్రిప్టులో లేదు.

"అది చచ్చిపోలేదు నాన్నా. ఎదురుచూస్తోంది. అంతే."

వెనక బెంచీలో ప్రొఫెసరమ్మ ముక్కు తుడుచుకుని, ఇక తన డ్యూటీ కూడా చెయ్యాలని గుర్తుచేసుకుంది. లేచి ముందుకొచ్చి, బిగుతు టీషర్టు మనిషిని అడిగింది. "ఏం బాబూ, నువ్వు ఎన్నో ఏడు?"

"పద్దెనిమిదో ఏడండీ."

ఆవిడ పెన్ను ఆగిపోయింది. "పద్దెనిమిదేళ్ళుగా క్లాసులోనే ఉన్నావా?"

"అవునమ్మా. నా పెళ్ళికి ముందు నుంచీ. మొన్న మా పెద్దమ్మాయి కాలేజీలో చేరింది, నేనింకా ఫస్టియరే. చాలా కాలేజీల్లో కూర్చున్నానండీ. కానీ ఎక్కడా పాఠం పూర్తి కాలేదు. లెక్చరరు రెండు ముక్కలు చెప్పేలోపు హీరో వచ్చేస్తాడు, ఫైటయినా అవుతుంది, పాటయినా వస్తుంది. పద్దెనిమిదేళ్ళలో ఒక మాస్టారు చివరిదాకా చెప్పడం ఇవాళే చూస్తున్నా." అతను సార్ వైపు తిరిగాడు. "సార్, దీన్ని మళ్ళీ ఎండబెడితే మళ్ళీ బతుకుతుందా?"

ఇరవై రెండేళ్ళలో సార్‌ని డౌటు అడిగిన మొదటి మనిషి అతను. జవాబు చెప్పడానికి సార్ నోరు తెరిచేలోపు ముందు తలుపు తెరుచుకుని ప్రిన్సిపాల్, ఆయన వెనక పూలగుత్తితో కోటు పెద్దమనిషి లోపలికి వచ్చారు.

"ఇది మా నాచు తరగతి సార్," అన్నారు ప్రిన్సిపాల్, "షూటింగు వల్ల కింద గదిలో..." అని ఆగిపోయారు. కింద గదిలో ఉండాల్సిన తోడల్లుడు పైన హీరోకి పాఠం చెబుతున్నాడు.

కోటు పెద్దమనిషి సార్‌ని ఎగాదిగా చూశాడు. "నా వేషం ఈయన కట్టేశాడేంటి?"

"వేషమేంటండీ? మీరు పరిశీలక సభ్యులు కాదా?"

"పరిశీలిద్దాం అన్నాను. సభ్యుణ్ణని ఎవరన్నారు?"

"సభ్యురాలిని నేను," అంది ప్రొఫెసరమ్మ. దానితో అసిస్టెంటు ముఖంలోంచి నిర్మాతగారి పెద్దమ్మ దిగిపోయింది.

ఆ తర్వాత రెండు నిమిషాలు ఎవరు ఎవరో చెప్పుకోవడంతో గడిచాయి. ఒక్కొక్కరు నిజం చెబుతున్న కొద్దీ నాచు సార్ ముందున్న తరగతి కొంచెం కొంచెంగా కరిగిపోయింది. చివరికి అరవై మందిలో ఒక్కరూ ఆయన విద్యార్థి కాదని తేలింది. విద్యార్థులంతా గేటు దగ్గర, ఇక్కడ కూర్చున్న హీరో కోసం ఎదురుచూస్తున్నారు.

సార్ అగ్గిపెట్టె మూత పెట్టబోయి ఆగారు. పచ్చబడిన నాచు ఇప్పుడు అందులో పట్టదు. "క్షమించండమ్మా," అన్నారు ప్రొఫెసరమ్మతో. "నేను పిల్లల ముఖాలు ఎప్పుడూ చూడలేదు. ఐడీ కార్డుల గదిలో చూస్తాను."

"ఒక్కరు కూడా లేరా మీ విద్యార్థులు?"

"నేనున్నానండీ," అని వెనక తలుపు దగ్గర ఒక గొంతు.

అందరూ తిరిగారు. డబ్బింగ్ నిలబడి ఉంది. పొద్దున్నే గొంతులో బిళ్ళ వేసుకుని, ముప్ఫై రెండు మందికి హాజరు పలకడానికి తయారై, పడి ఉన్న నోటీసు కాగితం చూసి నూట నాలుగో గదికి వెళ్ళి, ఒంటరిగా ముప్పావుగంట కూర్చుని, విసిగి పైకొచ్చి, తలుపు దగ్గరే నిలబడి పాఠం వింది.

సార్ కళ్ళద్దాలు సవరించుకున్నారు. "నువ్వెవరమ్మా? ఈ గొంతు ఎప్పుడూ వినలేదే."

"ఇది నా సొంత గొంతు సార్. క్లాసులో ఎప్పుడూ వాడలేదు."

"మరి నువ్వు నా స్టూడెంటువని నమ్మకమేంటి?"

డబ్బింగ్ నిట్టూర్చింది. ముక్కు కొద్దిగా పట్టుకుని, "ప్రెజెంట్ సార్," అంది.

సార్ కళ్ళు మూసుకున్నారు. "పదకొండు. పాపం, ఎప్పుడూ జలుబే."

ఆమె గొంతు లావు చేసింది. "ప్రెజెంట్ సార్."

"ఇరవై ఏడు. బరువైన కుర్రాడు. ఆటల్లో ఉంటాడనుకుంటా."

సన్నగా, ఆవులిస్తూ. "ప్రెజెంట్ సా..."

"తొమ్మిది," అన్నారు సార్ ఆప్యాయంగా. కళ్ళు తెరిచి ఆమెని చూశారు. ఇరవై రెండేళ్ళలో పెట్టిన టిక్కులన్నీ ఆయన ముఖం మీద ఒకసారి కదిలాయి. "ముప్ఫై రెండు మందీ నువ్వేనా తల్లీ?"

"ముప్ఫై ఒకటే సార్. ముప్ఫై రెండు నేను."

వరండాలోంచి దర్శకుడు హెడ్‌ఫోన్లు తీసి గుమ్మంలోకి వచ్చాడు. ఎవరూ ఆపమనకపోవడంతో కెమెరా తిరుగుతూనే ఉంది. నటుల్ని అందరినీ తీసేసి మీతోనే సినిమా తీస్తానన్నాడు. అతని మాట ఎవరూ వినిపించుకోలేదు. అందరూ ప్రొఫెసరమ్మ పెన్ను వంక చూస్తున్నారు.

ఆవిడ ఫారం మళ్ళీ చదివింది. "తరగతిలో పాఠం వింటున్నవారు, అని ఉంది. విద్యార్థులు అని లేదు. ఈ ఫారం పన్నెండేళ్ళ కిందట తయారుచేసింది నేనే. వింటున్నవాళ్ళు విద్యార్థులు కాకపోవచ్చని అప్పుడు నాకు తట్టలేదు." గడిలో అరవై మూడు అని రాసింది.

"అరవై మూడెలాగమ్మా?" అన్నారు ప్రిన్సిపాల్.

"వీళ్ళు అరవై మంది. ఆ అబ్బాయి," అని హీరోని చూపించింది. "ఈ అమ్మాయి. నేను. మీరు వినలేదు కాబట్టి కలపలేదు." సార్ వైపు తిరిగింది. "వచ్చే నెల మళ్ళీ వస్తాను మాస్టారూ. అప్పటికి మీ పిల్లల్ని కూర్చోబెట్టండి. దీన్ని మళ్ళీ ఎండబెడితే బతుకుతుందా అని ఆ అబ్బాయి అడిగాడు. అతనికి జవాబు బాకీ ఉన్నారు."

బతుకుతుందని సార్ చెప్పారు. ఎన్నిసార్లయినా.

మర్నాడు పొద్దున ఆయన భార్య టీ తాగుతూ ఫోన్ చూస్తోంది. ముందురోజు సంగతి ఆయన ఇంట్లో చెప్పలేదు. చెబితే నమ్మదని ఆయనకి తెలుసు.

"ఏమండీ, ఇది విన్నారా. ఎక్కడో షూటింగులో ఒక లెక్చరరు హీరోని పట్టుకుని రోల్ నెంబరు అడిగాడట. బస్సు దొరకలేదా అన్నాడట. ఎవరో వీడియో పెడితే ఊరంతా చూస్తోంది. ఇలాంటివాళ్ళు కూడా ఉంటారా?" ఆవిడ ఫోన్ని దగ్గరగా పెట్టుకుంది. తర్వాత దూరంగా పెట్టుకుంది. "ఏమండీ. జేబు దగ్గర పెన్ను అడ్డం పెట్టమన్నాను కదా. మరక కనిపిస్తోంది."

ఆ వారం 204 గది నిండిపోయింది. గేటు దగ్గర రోజంతా నిలబడి, హీరో మాత్రం నాచు తరగతిలో కూర్చున్నాడని తర్వాత తెలుసుకున్న ముప్ఫై ఒక్క మంది అంత తేలిగ్గా కోలుకోలేదు. అతను మళ్ళీ ఎప్పుడైనా రావచ్చన్న ఆశతో, పక్క తరగతుల వాళ్ళని కూడా వెంటబెట్టుకుని వస్తున్నారు. వచ్చాక ఖాళీగా ఉండలేక వింటున్నారు. షూటింగు లేని రోజుల్లో బిగుతు టీషర్టు మనిషి కూడా ప్రిన్సిపాల్ అనుమతితో వెనక బెంచీలో కూర్చుంటున్నాడు. నోట్సు అతనిదే బావుంటుంది. ప్రొఫెసరమ్మ మళ్ళీ వచ్చినప్పుడు గదిలో ఆవిడకే చోటు దొరకలేదు. నాచు పేపరు నిలబడింది. భార్య అక్కగారు ఓదార్చడానికి బదులు అభినందించడానికి ఫోన్ చేసింది. అది ఇంకా భరించలేకుండా ఉందని భార్య అంది గానీ, ఫోన్ పెట్టెయ్యలేదు.

హాజరు పిలిచేటప్పుడు సార్ ఇప్పుడు ఒక్కో నెంబరుకీ తలెత్తి చూస్తున్నారు. తొమ్మిదో నెంబరు గొంతు బొంగురని తెలిసి కొన్నాళ్ళు బాధపడ్డారు.

ఆరు నెలలకి సినిమా విడుదలైంది. భార్యాభర్తలు, అక్కగారు, ప్రిన్సిపాల్ కలిసి మొదటి ఆటకి వెళ్ళారు. నాచు పచ్చబడే ముక్క నిడివి ఎక్కువైందని కోసేశారు. సార్ సినిమాలో లేరేమోనని అక్కగారు సానుభూతి మొదలుపెట్టేలోపే ఆయన వచ్చారు. హాజరు తీసుకునే సన్నివేశాన్ని దర్శకుడు ఒక్క క్షణం కూడా కత్తిరించకుండా పూర్తిగా వాడుకున్నాడు. ఒకటి నుంచి ముప్ఫై రెండు దాకా, దాదాపు మూడు నిమిషాలు, తెర ఈ చివర నుంచి ఆ చివరిదాకా నాచు సార్ బట్టతల నిండిపోయింది. హాలంతా పడీపడీ నవ్వింది.

"తలెత్తండని ఆ రోజు పొద్దున్నే చెప్పాను," అంది భార్య.